కరువు పనికి కెమెరా కాపలా: ఎన్‌ఎంఎంఎస్ యాప్ రివ్యూ

ప్లే స్టోర్‌లో ఉచితంగా దొరుకుతుంది గానీ, మోజుపడి దించుకునే యాప్ కాదిది. పూర్తి పేరు నేషనల్ మొబైల్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్, వాడుకలో ఎన్‌ఎంఎంఎస్. ఉపాధి హామీ పని జరిగే చోట కూలీల హాజరును ఫొటోతో సహా పై సర్వర్‌కు ఎక్కించడం దీని పని. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ దీన్ని 2021 మే 21న విడుదల చేసింది. 2022 మే 16 నుంచి 20 మంది, అంతకు మించి కూలీలున్న ప్రతి పనికీ తప్పనిసరి చేసింది. 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప మిగతావన్నీ దీని కిందికి వచ్చాయి.

రేటింగ్: ఐదుకు ఒక స్టార్.

ఈ రివ్యూ కూలీ వైపు నుంచి. యాప్‌ను ఫోన్‌లో పెట్టుకునేది పని దగ్గర కూలీలను చూసుకునే మేట్, లేదా పంచాయతీలో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్. చూసి తీర్పు చెప్పేది మండల, జిల్లా, రాష్ట్ర, ఢిల్లీ అధికారులు. తేడా వస్తే డబ్బు పోయేది మాత్రం కూలీకి. ఆ కూలీకి ఇందులో లాగిన్ లేదు. పని అడగడానికి బటన్ లేదు, అడిగినట్టు రసీదు రాదు, తన హాజరు ఎక్కిందో లేదో తెలిపే మెసేజ్ రాదు, తప్పు పడితే ఫిర్యాదు పెట్టే చోటు లేదు. 2005 ఉపాధి హామీ చట్టం పనిని హక్కు అంది. ఈ యాప్ ఆ హక్కుదారును ఫొటోలో తలగా లెక్కపెడుతుంది, అంతే.

ఎలా నడుస్తుంది, ఎక్కడ ఆగుతుంది

ముందుగా మండల ఆఫీసులో ఈ-మస్టర్, అంటే హాజరు పట్టీ, తయారవుతుంది. పని కోడ్, తేదీలు, కూలీల పేర్లు అందులోనే ఉంటాయి. మస్టర్‌లో పేరు లేని మనిషి గడ్డపార పట్టుకుని వచ్చి నిలబడినా, పని దగ్గర పేరు చేర్చే దారి లేదు. కాబట్టి మొదటి జాగ్రత్త యాప్ తెరవక ముందే తీసుకోవాలి. వారం మొదలయ్యే ముందురోజు మస్టర్ ప్రింటు చదివించుకుని, గ్రూపులో అందరి పేర్లూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. పేరు లేకపోతే చెప్పుకోవాల్సింది ఫీల్డ్ అసిస్టెంట్‌కు ఒక్కరికే కాదు, మండలంలో ఉపాధి పనులు చూసే అధికారి ఏపీవోకు కూడా. మస్టర్ వచ్చేది ఏపీవో దగ్గర నుంచే.

పని దగ్గర మేట్ తన నంబరుతో లాగిన్ అయి, ఆ మస్టర్ తెరిచి, వచ్చినవాళ్ల పేర్లకు టిక్ పెట్టి, అందరినీ వరుసలో నిలబెట్టి ఫొటో తీయాలి. తీసిన సమయం, చోటు దానికి అతుక్కుంటాయి. ఇదంతా ఉదయం 11 లోపల జరగాలి. మొదటి ఫొటో తీసిన నాలుగు గంటల తర్వాత రెండో ఫొటో. రెండూ ఎక్కితేనే పూర్తి హాజరు.

సిగ్నల్ లేకపోతే ఆఫ్‌లైన్‌లో తీసి తర్వాత ఎక్కించవచ్చు. పాడేరు, ఉట్నూరు లాంటి ఏజెన్సీ మండలాల్లో ఈ వెసులుబాటు లేకపోతే యాప్ ఒక్కరోజు కూడా నడవదు. అయితే ఆ ఫొటో సర్వర్‌కు చేరేదాకా ఫోన్‌లోనే ఉంటుంది. మెమరీ నిండిందనో, యాప్ మొరాయించిందనో డేటా తుడిచేస్తే దాచిన హాజరు కూడా దాంతోపాటు పోతుంది. ఎక్కిందని తేలేదాకా యాప్ తీసేసి మళ్లీ పెట్టుకోవడం, డేటా క్లియర్ చేయడం వద్దు. ఫోన్ మేట్ సొంతం, డేటా ప్యాక్ సొంతం, పగిలితే బాగు చేయించుకునే ఖర్చూ సొంతం. దేశమంతటి గ్రామాల మీద నిఘా పెట్టే వ్యవస్థకు ముడిసరుకు పేద మహిళా మేట్ కొనుక్కున్న ఫోన్ అన్నమాట.

రెండు ఫొటోల్లో ఒకటి ఎక్కకపోతే ఏం చేయాలో చాలా పని స్థలాల్లో ఎవరికీ తెలియదు. దారి ఉంది. సాంకేతిక కారణంతో యాప్ పని చేయకపోతే చేతితో రాసిన హాజరును అనుమతించే అధికారం జిల్లా ప్రోగ్రాం కోఆర్డినేటర్‌కు ఉంది. మేట్ అదే రోజు కాగితం మస్టర్‌లో అందరి చేత సంతకాలో వేలిముద్రలో వేయించి, యాప్ ఇచ్చిన ఎర్రర్‌ను స్క్రీన్‌షాట్ తీసి, ఎంపీడీవో ఆఫీసుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇచ్చిన కాగితం రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోవాలి. రెండు రోజులు పోయి మస్టర్ మూసేశాక వెళ్తే "సిస్టం తీసుకోవట్లేదు" అనే మాటే వినపడుతుంది. కూలీలు కూడా గ్రూపుకు ఒకరు చొప్పున చిన్న నోట్‌బుక్‌లో రోజువారీ హాజరు రాసి పెట్టుకోవడం మంచిది. ఊళ్లో జనం ముందు లెక్కలు తనిఖీ చేసే సోషల్ ఆడిట్‌లో ఆ నోట్‌బుక్ నిలబడుతుంది, జ్ఞాపకం నిలబడదు.

కొలత పనికి గంటల హాజరు

యాప్ రూపకల్పనలోనే ఉన్న పెద్ద తప్పు ఇది. ఎంత అప్‌డేట్ చేసినా పోదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి కూలి రోజు లెక్కన రాదు, కొలత లెక్కన వస్తుంది. కందకం తవ్వినా, చెరువు పూడిక తీసినా టెక్నికల్ అసిస్టెంట్ టేపు పట్టి పొడవు, వెడల్పు, లోతు కొలిచి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, రాస్తారు. నేల మెత్తనా గట్టిదా అన్నదాన్ని బట్టి ఘనపు మీటరుకు రేటు ఉంటుంది. ఆ మొత్తాన్ని గ్రూపు హాజరు దినాలతో భాగిస్తారు. 2025-26కు రెండు రాష్ట్రాల్లోనూ ప్రకటించిన కూలి 307 రూపాయలు. అది చేతికి రావాలంటే నిర్ణయించిన కొలత పూర్తవ్వాలి.

కొలతకు డబ్బు ఇచ్చేటప్పుడు మనిషి ఎన్ని గంటలు నిలబడ్డాడన్నది ఎందుకు? ఎండాకాలంలో మన దగ్గర కూలీలు తెల్లవారకముందే బయల్దేరి పది, పదకొండు గంటలకల్లా కొలత ముగించి ఇంటి దారి పడతారు. అనంతపురం, నల్లగొండ ఎండల్లో అది బతుకు తెలివి. యాప్ వచ్చాక పని అయిపోయినా రెండో ఫొటో కోసం చెట్టు నీడన కాచుక్కూర్చోవాలి, లేదంటే ఇంటికెళ్లి మళ్లీ రావాలి. వేసవిలో వేళలు సడలించినా రెండు ఫొటోల పద్ధతి మాత్రం కదలలేదు. ఇటు కొలత అడుగుతున్నారు, అటు గంటలూ అడుగుతున్నారు. కూలి ఇచ్చేది మాత్రం ఒకదానికే, అందులోనూ ఏది తక్కువైతే దానికి.

లెక్క వేసి చూద్దాం. పదిమంది గ్రూపు, ఆరు రోజుల పని, మొత్తం 60 హాజరు దినాలు. కొలత విలువ 15,000 రూపాయలు తేలిందనుకోండి. రోజుకు 250 చొప్పున తలా 1,500. ఇప్పుడు ఒక మహిళకు రెండు రోజులు మధ్యాహ్నం ఫొటో ఎక్కలేదు. హాజరు దినాలు 58కి తగ్గాయి, రోజుకు 258 రూపాయల 62 పైసలు పడింది. ఆమెకు నాలుగు రోజులకు 1,034 వచ్చింది, అంటే 465 పోయాయి. ఆ 465 సర్కారు ఖజానాకు పోలేదు. మిగతా తొమ్మిది మందికి తలా 52 దాకా పంచుకుపోయింది. యాప్ తప్పు చేస్తే తగవు పడేది గ్రూపులో కూలీలు. మండల ఆఫీసు మీదికి పోవాల్సిన కోపం పక్కింటి మీదికి పోతుంది. ఇలాంటి కేసు వస్తే మస్టర్ మూసేలోపు హాజరు సరిచేయించుకోవాలి. కూలి లెక్క కట్టేశాక ఆ తొమ్మిది మంది దగ్గర నుంచి వెనక్కి తీసుకునే పద్ధతి ఆచరణలో లేదనే అనుకోండి.

వేసవి భత్యం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ ఎండ నెలల్లో కొలతలో రాయితీ ఉండేది. ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25, ఏప్రిల్, మే నెలల్లో 30, జూన్‌లో 20. రాష్ట్రాల సొంత సాఫ్ట్‌వేర్ పోయి కేంద్ర ఎన్‌ఐసీ సాఫ్ట్‌వేర్ వచ్చాక అది దక్కడం లేదన్నది రెండు రాష్ట్రాల వ్యవసాయ కార్మిక సంఘాల ప్రధాన ఫిర్యాదు. చట్టం మార్చలేదు, జీవో ఇచ్చి రద్దు చేయలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి లేకపోతే చాలు, హక్కు ఎగిరిపోతుంది.

దొంగలు దొరికారా?

ఒక స్టార్ ఎందుకిచ్చామో చెప్పడానికి ఇదే చోటు. ఉపాధి పనుల్లో మోసం నిజం. రాత్రి జేసీబీతో తవ్వించి పగలు మస్టర్ రాసుకోవడం, చనిపోయినవాళ్ల పేర్లు, ఊరు విడిచినవాళ్ల పేర్లు ఎక్కించడం తెలియని మండలం లేదు. ఆఫీసులో కూర్చుని వారం రోజుల హాజరు ఒకేసారి నింపేసే అలవాటుకు సమయం, చోటు అతుక్కున్న ఫొటో కొంత అడ్డం పడింది. ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ ఎంత అడ్డం పడిందో కేంద్ర శాఖే 2025 జూలైలో రాష్ట్రాలకు రాసిన లేఖలో ఒప్పుకుంది. సంబంధం లేని ఫొటోలు, ఫొటోను మళ్లీ ఫొటో తీసి పెట్టడం, ఫొటోలో తలలకూ మస్టర్‌లో పేర్లకూ పొంతన లేకపోవడం, ఆడామగా లెక్క కలవకపోవడం, ఒకే మనుషులు వేర్వేరు మస్టర్లలో కనిపించడం, మధ్యాహ్నం ఫొటో అసలే లేకపోవడం. దీనికి వాళ్లు చెప్పిన మందేమిటంటే, పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోనూ మనిషే కూర్చుని చూడాలట. మనుషుల మీద నమ్మకం లేక యాప్ పెట్టారు, యాప్ మీద నమ్మకం లేక మళ్లీ మనుషుల్ని పెట్టారు. ఆ పని పడేది ఇప్పటికే పది పనులు నెత్తినున్న పంచాయతీ సిబ్బంది మీద.

దొంగ మస్టర్ రాసేవాడికి ఫోన్ ఉంది, లాగిన్ ఉంది, ఫొటోను ఫొటో తీసే తెలివి ఉంది. నిజంగా మట్టి మోసే మనిషికి ఈ మూడూ లేవు. యాప్ అడ్డుకునేది ఎవరినో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఫొటో తర్వాత డబ్బు దారి

హాజరు సరిగ్గా ఎక్కిందనుకుందాం. తర్వాతి గేటు ఏబీపీఎస్, అంటే ఆధార్ ఆధారంగా కూలి చెల్లించే వ్యవస్థ. 2023లో తప్పనిసరి అని, గడువు ఒకటికి నాలుగుసార్లు పొడిగించి, 2024 జనవరి 1 నుంచి బిగించారు. మామూలు బదిలీలో ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఉంటే చాలు. ఇందులో ఆధార్ నంబరే ఖాతాకు చిరునామా. జాబ్ కార్డుకు ఆధార్ కలవాలి, రెండిటి మీదా పేరు సరిపోవాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ కలవాలి, ఆ కలిపిన సంగతి ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో, అంటే ఏ ఆధార్ ఏ బ్యాంకుకు కలిసిందో చూపే పట్టికలో, నమోదు కావాలి. నాలుగిట్లో ఏది తెగినా డబ్బు ఆగుతుంది.

ఎక్కువగా తెగేది మ్యాపర్ దగ్గర. డబ్బు మీరు పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చిన ఖాతాకు పోదు, చివరిసారి ఏ ఖాతాకు ఆధార్ జోడించారో దానికి పోతుంది. సిమ్ కొన్నప్పుడో, ఏదో పథకానికో తెరిచి మరచిపోయిన ఖాతాలో కూలి పడి ఉండటం మామూలు. 2017లో ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో జనానికి తెలియకుండా తెరిచిన ఖాతాలకు గ్యాస్ సబ్సిడీ మళ్లిన వ్యవహారం గుర్తుండే ఉంటుంది. దాని మూలం ఈ మ్యాపరే. "ఇనాక్టివ్ ఆధార్" అని డబ్బు తిరిగొస్తే ఆధార్ కార్డు చెడిపోయిందని భయపడి మీసేవ చుట్టూ తిరగకండి. చాలాసార్లు దానర్థం మ్యాపర్‌లో జోడింపు తెగిపోయిందని మాత్రమే.

చూసుకునే పద్ధతి ఇదీ. మై ఆధార్ సైట్‌లోకి ఓటీపీతో వెళ్లి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకుకు జోడించి ఉందో, అది నడుస్తోందో లేదో తెలుస్తుంది. బ్యాంకు పేరు కొత్తగా కనిపిస్తే ముందు ఆ బ్యాంకుకే వెళ్లాలి, డబ్బు అక్కడ ఉండొచ్చు. మీకు కావలసిన బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం ఇచ్చేటప్పుడు "కేవైసీ అయింది" అన్న మాటతో తృప్తి పడొద్దు. ఖాతాకు ఆధార్ ఎక్కించడం వేరు, ఎన్‌పీసీఐకి పంపడం వేరు. రెండోది చేశారా అని అడగాలి. పేరు తేడా ఉంటే, అంటే జాబ్ కార్డులో ఇంటిపేరు ముందూ ఆధార్‌లో వెనకా ఉంటే, జాబ్ కార్డు వైపు సరిచేయించుకోవడం తేలిక. ఆ పని మండల ఆఫీసు కంప్యూటర్ ఆపరేటర్ దగ్గర అవుతుంది.

ఆధార్ చెల్లింపు కుదరలేదన్న కారణంతో పని నిరాకరించకూడదు, జాబ్ కార్డు తీసేయకూడదు అని కేంద్రమే చెప్పింది. చెప్పింది ఒకటి, జరిగింది ఇంకొకటి. 2021-22లో దేశవ్యాప్తంగా దాదాపు కోటి 49 లక్షల కూలీల పేర్లు తొలగిస్తే, ఏబీపీఎస్ లక్ష్యాలు తరుముకొచ్చిన 2022-23లో అది 5 కోట్ల 18 లక్షలు దాటింది. ఇవి లోక్‌సభకు ప్రభుత్వం ఇచ్చిన లెక్కలు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో 78 లక్షలు, తెలంగాణలో 17 లక్షలు పోయాయి. అంతకుముందు ఏడాది తెలంగాణలో తీసేసినవి సుమారు 61 వేలే. ఆఫీసుకు ఆధార్ జోడింపు నూటికి నూరు శాతం చూపించాలంటే రెండు దారులు: జోడించని పేరుకు జోడించడం, లేదా ఆ పేరే తీసేయడం. రెండోది సులువు. తొలగింపు కారణాల పట్టికలో "పని చేయడానికి ఇష్టం లేదు" అన్నదొకటి ఉంది. ఎవరిని అడిగి రాశారో పట్టికలో ఉండదు. 2025 చివర్లో ముఖం గుర్తింపుతో ఈ-కేవైసీ మొదలైన వేళ నెల రోజుల పైచిలుకులో దాదాపు 27 లక్షల పేర్లు పోయాయనీ, వాటిలో సగానికి పైగా ఆంధ్రప్రదేశ్‌వేననీ లిబ్‌టెక్ ఇండియా పరిశోధకులు లెక్క తీశారు.

మీ పేరు ఉందో లేదో ఉపాధి హామీ వెబ్‌సైట్‌లో పంచాయతీ జాబ్ కార్డుల జాబితాలో చూసుకోవచ్చు. కూలీల పేర్ల పక్కన తొలగించిన తేదీ, కారణం కనిపిస్తే దాన్ని ప్రింటు తీసి గ్రామసభలో పెట్టండి. గ్రామసభ తీర్మానం లేకుండా, నోటీసు ఇవ్వకుండా తీసేశారా అన్నదే అడగాల్సిన మొదటి ప్రశ్న.

ఆలస్యానికి ధర

మస్టర్ మూసిన 15 రోజుల్లో కూలి పడాలి. పదహారో రోజు నుంచి ఆగిన మొత్తం మీద రోజుకు 0.05 శాతం పరిహారం. వారం కూలి 1,800 రూపాయలు 30 రోజులు ఆలస్యమైతే ఎంతొస్తుంది? రోజుకు 90 పైసలు, మొత్తం 27 రూపాయలు. ఆ నెలంతా కిరాణా కొట్టులో అప్పు పెట్టిన మనిషికి 27 రూపాయలు! ఇదైనా మండలం నుంచి చెల్లింపు ఉత్తర్వు సంతకమయ్యేదాకా జరిగిన ఆలస్యానికే కట్టి, ఢిల్లీలో నిధులు లేక ఆగిన రోజుల్ని వదిలేసేవారు. 2018 మేలో స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు కేంద్రం ఆ బాధ్యత తప్పించుకోలేదని తేల్చింది. 2021లో ఇంకో వింత చేశారు. ఒకే మస్టర్‌లో పని చేసిన వాళ్ల కూలిని ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మూడు ఉత్తర్వులుగా విడదీశారు. ఒక కులానికి డబ్బు పడి ఇంకో కులానికి పడక ఊళ్లలో అనుమానాలు పెరిగాక, అదే ఏడాది వెనక్కి తీసుకున్నారు.

నిఘా యాప్ రోజుకు రెండుసార్లు కూలీని అడుగుతుంది: వచ్చావా, ఉన్నావా? డబ్బు ఎప్పుడొస్తుందన్న ప్రశ్నకు ఏ అధికారీ రోజుకు రెండుసార్లు ఫొటో దిగక్కర్లేదు.

అసలు ఈ సరుకు ఎందుకొచ్చింది

బడ్జెట్ కాగితాలు చూస్తే అర్థమవుతుంది. కోవిడ్ ఏడాది 2020-21లో పథకానికి లక్షా 11 వేల కోట్లు ఖర్చయింది. 2021-22, 2022-23 రెండు బడ్జెట్లలోనూ 73 వేల కోట్లే పెట్టి, జనం పని అడిగేసరికి 98 వేల కోట్లకు, 89,400 కోట్లకు సవరించాల్సి వచ్చింది. 2023-24కు ఏకంగా 60 వేల కోట్లకు కోసి, చివరకు 86 వేల కోట్లు చేశారు. ఆ 86 వేల దగ్గరే 2024-25, 2025-26 ఆగిపోయాయి, ధరలు మాత్రం ఆగలేదు. ఏడాది మొదట్లో వచ్చే డబ్బులో కొంత పాత బకాయిలకే పోతుంది.

పని అడిగితే ఇవ్వాలన్నది చట్టం. అడిగేవాళ్లను పొమ్మనలేరు. అడగడమే కష్టమయ్యేలా చేయగలరు. కూలి చేతికి రావడం అనుమానంగా ఉంటే, రోజుకు రెండు ఫొటోలకు రావాల్సి వస్తే, ఆధార్ చుట్టూ నాలుగు రోజుల కూలి పోగొట్టుకుని తిరగాల్సి వస్తే, చాలామంది మరుసటి వారం రారు. రాకపోతే "డిమాండ్ తగ్గింది" అని లెక్క రాసి కేటాయింపు తగ్గించవచ్చు. పొదుపు పేరుతో కోతకు ఇంతకంటే చవకైన పనిముట్టు లేదు. ఈ యాప్‌ను అందుకే పెట్టారని రుజువు చేసే కాగితం అక్కర్లేదు, ఫలితం చాలు. కార్పొరేట్ పన్ను రేటును 2019 సెప్టెంబరులో 30 నుంచి 22 శాతానికి దించినప్పుడు ఏ కంపెనీ డైరెక్టరూ ఉదయం 11 లోపల ఫొటో పెట్టాలన్న షరతు రాలేదు.

మోసం పేరుతో కూలీని శిక్షించడం ఎంత దూరం పోతుందో పశ్చిమ బెంగాల్ చూపించింది. అక్కడ అక్రమాలు జరిగాయని 2022 మార్చిలో ఉపాధి హామీ చట్టం సెక్షన్ 27 కింద కేంద్రం మొత్తం రాష్ట్రానికి నిధులు ఆపేసింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. చేసిన పనికి కూలి రాక, కొత్త పని లేక మూడేళ్లు గడిచాయి. 2025 ఆగస్టు 1 నుంచి పథకం మళ్లీ మొదలుపెట్టాలని కలకత్తా హైకోర్టు ఆదేశించింది, దాని మీద కేంద్రం వేసిన అప్పీలును అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో వీబీ-జీ రామ్ జీ (వికసిత్ భారత్ - గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ గ్రామీణ్) చట్టాన్ని ఆమోదించింది. పైకి 100 రోజులు 125 అయ్యాయి. లోపల చూస్తే, కూలి ఖర్చంతా కేంద్రమే భరించే పద్ధతి పోయి చాలా రాష్ట్రాలకు 60:40 వచ్చింది. ఏ రాష్ట్రానికి ఎంతన్నది కేంద్రం ముందే నిర్ణయిస్తుంది, మించితే రాష్ట్రం పెట్టుకోవాలి. వ్యవసాయ పనుల రోజుల్లో 60 రోజులు పథకం ఆపేయవచ్చు. నాట్లు, కోతల వేళ కూలి బేరమాడే బలం కూలీలకు ఈ పథకం వల్లే కొంత వచ్చింది, ముఖ్యంగా ఆడవాళ్లకు, దళితులకు. ఆ బలం సరిగ్గా అవసరమైన వేళ తీసేస్తారన్నమాట. బయోమెట్రిక్, మొబైల్ పర్యవేక్షణ, కృత్రిమ మేధ వంటివి ఇప్పుడు చట్టంలోనే కూర్చున్నాయి. కాబట్టి ఈ రివ్యూలో చెప్పిన లోపాలకు కాలం చెల్లిందని ఎవరూ అనుకోనక్కర్లేదు.

దీనికంటే మంచి సరుకు మన దగ్గరే ఉంది

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఈ పథకం మొదలైంది. అదే ఏడాది నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సోషల్ ఆడిట్ మొదలుపెట్టి, 2009లో దానికి విడిగా సొసైటీ ఏర్పాటు చేసింది. పద్ధతి సాదా. శిక్షణ పొందిన ఊరి యువకులు మస్టర్, ఎం-బుక్ కాపీలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. "ఫలానా వారం ఆరు రోజులు చేశావని ఉంది, చేశావా? ఎంతొచ్చింది?" అని అడిగి రాసుకుంటారు. టేపు పట్టి పనిని మళ్లీ కొలుస్తారు. గ్రామసభలో చదువుతారు, మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందే తేలుస్తారు. చనిపోయిన మనిషి పేరు మస్టర్‌లో ఉంటే కెమెరా కంటే ముందు వాడకట్టు పట్టేస్తుంది. దీనికీ లోపాలున్నాయి. దొరికిన సొమ్ములో వసూలైంది కొంతే, పెద్ద చేపలు తప్పించుకుని ఫీల్డ్ అసిస్టెంట్లు బలవడం తరచూ జరిగింది. అయినా ఇందులో ప్రశ్న అడిగేది కూలీ, జవాబు చెప్పేది ఆఫీసు. యాప్‌లో అది తలకిందులు.

అయితే సోషల్ ఆడిట్ బతకాలంటే కాగితాలు బయటికి రావాలి. డేటా రక్షణ చట్టం ద్వారా సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ని మార్చేశారు, 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. "వ్యక్తిగత సమాచారం" అన్న ఒక్క మాటతో ఇప్పుడు దరఖాస్తును తిప్పికొట్టవచ్చు. అదే సమయంలో పని దగ్గర చెమటతో నిలబడ్డ ఆడవాళ్ల ఫొటోలు ఎవరైనా తెరిచి చూసేలా వెబ్‌సైట్‌లో పెట్టారు. ఈ పథకంలో సగానికి పైగా పని చేసేది మహిళలే, ఫొటో పెట్టవచ్చా అని వాళ్లను అడిగినవారు లేరు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో చెప్పింది. ఆ హక్కు టెండరు కాగితాల దగ్గర గుర్తొస్తుంది, కందకం దగ్గర గుర్తురాదు.

యాప్‌ను వదిలించుకునే వీల్లేదు కాబట్టి దాన్ని వాడుతూనే దాని బయట కాగితం పెంచుకోవాలి. పని కావాలని గ్రూపుగా రాతపూర్వకంగా అడగండి, కనీసం 14 రోజులు వరుసగా కావాలని రాయండి. తేదీ వేసిన రసీదు తీసుకోండి. 2005 చట్టం ప్రకారం ఆ తేదీ నుంచి 15 రోజుల్లో పని చూపకపోతే మొదటి 30 రోజులకు కూలిలో కనీసం పావు వంతు, ఆ తర్వాత సగం నిరుద్యోగ భృతి రావాలి. రసీదు లేకపోతే అడిగినట్టే లెక్క కాదు, భృతి మాటే రాదు. నోటిమాటగా "రేపు రండి" అనేది అందుకే. పంచాయతీలో తీసుకోనంటే ఎంపీడీవో పేరుతో రిజిస్టర్ పోస్టు చేసి ఆ స్లిప్పు జాబ్ కార్డుకు పిన్ను కొట్టండి. మస్టర్, ఎం-బుక్ నకళ్లకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టేటప్పుడు తెల్ల రేషన్ కార్డు జిరాక్స్ జతచేస్తే ఫీజు ఉండదు. దరఖాస్తులో వ్యక్తుల వివరాలు అని రాయకుండా పని కోడ్, మస్టర్ నంబరు, తేదీలు రాసి అడిగితే తిప్పికొట్టే సాకు తగ్గుతుంది.